ఓడలు వెళ్లిపోయాక బందరులో మిగిలినవి

బందరు అని కూడా పిలిచే మచిలీపట్నంలో వలందపాలెం ఉంది, పరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. వలందులంటే డచ్చివారు, పరాసులంటే ఫ్రెంచివారు. ఏయే దేశాల వర్తకులు ఇక్కడ మకాం వేశారో పేటల పేర్లే చెబుతాయి. అంతటి పట్నంలో 2001 నుంచి 2011కి జనం తగ్గారు. 2011 జనాభా లెక్కల్లో తేలింది సుమారు 1.7 లక్షలు. జిల్లా కేంద్రమై ఉండి కూడా ఊరు తరిగిపోయింది. పాత సంపదను ఆధారం చేసుకుని బందరు మళ్లీ నిలదొక్కుకోగలదా అని ఇప్పుడు అడుగుతున్నామంటే, ఆ సంపద ఏమిటో ముందు తెలియాలి.

గోల్కొండ సుల్తానుల కాలంలో ఇది వారి ప్రధాన రేవు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు వచ్చారు. వారిని రప్పించింది ఇక్కడి అద్దకపు బట్ట. పారశీకానికి పోయే సరుకు కాబట్టి అక్కడివారికి నచ్చే తీగలు, పూలు మన అచ్చుల్లోకి ఎక్కాయి, నేటికీ దిగలేదు. 1759లో ఫ్రెంచివారి నుంచి కోట ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. కానీ వారి వ్యాపారానికి కేంద్రం మద్రాసు. తర్వాత మిల్లు బట్ట అద్దకాన్ని దెబ్బతీసింది. 1864 నవంబరు 1 నాటి తుపానులో ఉప్పెన సుమారు 30 వేల ప్రాణాలు తీసుకుపోయింది. ఒండ్రు మేటలు వేసే తీరం కావడంతో పెద్ద ఓడలు ఎప్పుడూ మైళ్ల దూరంలోనే ఆగేవి. 1933లో విశాఖ రేవు తెరుచుకున్నాక ఇటు చూసే అవసరమే తగ్గిపోయింది.

అయినా ఊరు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1902లో కృష్ణా పత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, అన్నీ ఇక్కడ పుట్టినవే. బందరు చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. రేవు చేజారినా మనుషులు ఊరిని నిలబెట్టారు. ఆ బ్యాంకు ప్రధాన కార్యాలయం ఆ తర్వాత హైదరాబాదుకు తరలింది, 2020లో విలీనంతో పేరు కూడా పోయింది.

పోనిది కలంకారీ, అంటే ఆ పాత అద్దకపు బట్టే. పేరు మచిలీపట్నానిదే అయినా పని ఎక్కువగా జరిగేది పక్కనున్న పెడనలో. కరక్కాయ నీటిలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద టేకు అచ్చులతో అద్దుతారు. బెల్లంలో ఇనుప ముక్కలు వేసి రోజుల తరబడి పులియబెట్టిన కసిమి నల్లని గీత అవుతుంది. ఎరుపు రావలసిన చోట పడేది పటిక నీళ్లే. అద్దినప్పుడు అక్కడ ఎర్రదనం జాడే ఉండదు. రంగునిచ్చే వేళ్లో చెక్కలో వేసి పెద్ద పాత్రలో ఉడికించాక, పటిక తగిలిన చోటల్లా ఎరుపు తేలుతుంది. మధ్యమధ్య పారే నీటిలో జాడించాలి. నీరు మారితే రంగు మారుతుంది, కాలువ ఎండితే పని ఆగుతుంది.

ఈ బట్టకు భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఈ ప్రాంతపు సరుకుకే ఈ పేరు చెల్లుతుందనే గుర్తింపు వచ్చింది. అయినా రసాయన రంగుల స్క్రీన్ ప్రింటింగ్ బట్ట అదే పేరుతో చవకగా అమ్ముడవుతోంది. చవక సరుకుతో పోటీపడి అచ్చులు చెక్కే పనిలోకి పిల్లలను ఏ తండ్రి పంపుతాడు? డచ్చి సమాధులు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. వంశ చిహ్నాలు చెక్కిన ఆ పలకలను కాపాడవలసిందే. అయితే సమాధులు ఎవరికీ కూలి ఇవ్వవు. వాటిని చూసినవారు సాయంత్రానికి బెజవాడ బస్సు ఎక్కేస్తారు.

2023లో కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాయి. రేవు రావాలి, ఉద్యోగాలు రావాలి. కానీ ఈ ఊరిని సముద్రానికే వదిలేస్తే ఏమవుతుందో ఇప్పటికే ఒకసారి చూశాం. వారసత్వం పేరుతో ఖర్చు పెట్టే తొలి రూపాయి పెడన కాలువలో శుభ్రమైన నీటికి, అచ్చు చెక్కే చేతికి దక్కే కూలికి, అసలు బట్టను నకిలీ నుంచి వేరుచేసి చూపే ముద్రకు వెళ్లాలి. కోట గోడల సున్నం పని తర్వాత చూసుకోవచ్చు.