వేగుచుక్క మీద కేసు

2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా లద్దాఖ్‌లో కాపలా కాసిన మన సైనికులు ఆకాశంలో గుర్తు తెలియని వెలుగులు కనిపించాయని 329 సార్లు నమోదు చేశారు. అందులో 155 సార్లు అవి వాస్తవాధీన రేఖ దాటి ఇటు వచ్చాయట. చైనా డ్రోన్లేమోనని ఒకటే టెన్షన్. చివరికి బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ తేల్చింది: ఒకటి గురుడు, రెండోది శుక్రుడు.

ఈ వరస అమెరికాలో ఎప్పుడో మొదలైంది. 1947 జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ మౌంట్ రెయినియర్ దగ్గర తొమ్మిది వింత వస్తువులు చూశానన్నాడు. ‘ఎగిరే పళ్ళేలు’ పత్రికలకెక్కాయి. రష్యా ఆయుధాలేమోనన్న అనుమానంతో వైమానిక దళం విచారణకు దిగింది. సైన్, గ్రడ్జ్, 1952 నుంచి బ్లూ బుక్... ప్రాజెక్టుల పేర్లు మారాయి, పని అదే. చుక్కల లెక్క చూడటానికి అలెన్ హైనెక్ అనే ఖగోళ శాస్త్రవేత్తను పెట్టుకున్నారు.

ఈ విచారణల పేరు చెడింది మాంటెల్ కేసుతో. 1948 జనవరి 7న కెంటకీలో కెప్టెన్ థామస్ మాంటెల్ ఒక వింత వస్తువును వెంబడిస్తూ, ఆక్సిజన్ లేకుండానే పైపైకి వెళ్ళి, విమానం కూలి చనిపోయాడు. అది శుక్రుడన్నారు. పట్టపగలు! ఆ దిక్కున శుక్రుడు ఉన్నమాట నిజమే, కానీ ఆ వెలుతురులో అంత తేలిగ్గా కంటికి ఆనడు. నౌకాదళం రహస్యంగా ఎగరేసిన స్కైహుక్ అనే భారీ పరిశోధన బెలూన్ అయ్యుంటుందన్న వివరణ తర్వాతెప్పుడో వచ్చింది. ఆ బెలూన్ల సంగతి విచారణ చేసినవాళ్ళకే తెలియదు.

1965 ఆగస్టులో ఇంకా ఘోరం. ఓక్లహోమా జనం చూసినవి గురుడూ, రైజెల్ లాంటి కొన్ని నక్షత్రాలూ అని వైమానిక దళం ప్రకటించింది. ఆ నెలలో ఆ వేళకు అవి అక్కడ ఉదయించనే ఉదయించవని ఒక ప్లానెటేరియం డైరెక్టర్ గాలి తీసేశాడు. ఇక నిజంగా శుక్రుడే అయినా నమ్మేదెవరు?

1969లో బ్లూ బుక్ మూతపడింది. మొత్తం 12,618 ఫిర్యాదుల్లో తేలనివి 701. తేలినవాటిలో విమానాలు, బెలూన్లతో పాటు గ్రహాలు, ఉల్కలు కూడా ఉన్నాయి.

నిజానికి శుక్రుడు మోసం చేయగలడు. చంద్రుడి తర్వాత రాత్రి ఆకాశంలో అంత వెలిగేది అతనే. దిగంతం దగ్గర గాలి పొరల వల్ల రంగులు మారుస్తూ మినుకుమంటాడు. మనం కారులో వెళ్తుంటే వెంటే వస్తున్నట్టుంటాడు. లద్దాఖ్‌లో నయమేమిటంటే, తీర్పు ముందు చెప్పి లెక్క తర్వాత వెతకలేదు. సైనికులు చూసిన కదలికలను నక్షత్రాలతో పోల్చాకే పేరు పెట్టారు. తూర్పున పొడిచి పడమటికి సాగే గ్రహం రోజూ చైనా వైపు నుంచి రేఖ దాటి ఇటే వస్తుంది మరి.