చక్కెర తీసేసిన పాయసంలో ఇంకా ఏం మిగిలింది?

షుగర్ ఉన్నవారి కోసం చక్కెర బదులు సుక్రలోజ్ అనే కృత్రిమ తీపి పొడి వేసి సేమియా పాయసం కాచారనుకుందాం. మనిషికి 50 గ్రాముల సేమియా, 200 మిల్లీలీటర్ల పాలు. సేమియాలో సుమారు 37 గ్రాముల పిండిపదార్థం, పాలలో మరో 10 గ్రాముల లాక్టోజ్. మానేసిన చక్కెర నాలుగు చెంచాలు, అంటే 20 గ్రాముల లోపే. మిగిలింది అంతకు రెట్టింపు పైనే! ‘చక్కెర లేదు కదా’ అని రెండో గిన్నె వడ్డించుకుంటే షుగర్ పెరగక తప్పదు. సేమియా సగానికి తగ్గించడం చక్కెర మానడమంత ముఖ్యం.

సుక్రలోజ్ చక్కెర కన్నా దాదాపు 600 రెట్లు తీపి. చిటికెడు కూడా అక్కర్లేదు కాబట్టి, చెంచాతో కొలిచేలా పొడిలో మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం కలుపుతారు. అది కడుపులో త్వరగా గ్లూకోజ్ అవుతుంది. టీలో చెంచాడు పరవాలేదు, కప్పులతో కొలిచే స్వీట్లలో మాత్రం లెక్కలోకి తీసుకోవాలి. ఆస్పర్టేమ్ అనే మరో కృత్రిమ తీపి ఎక్కువసేపు మరిగితే తీపి పోతుంది, పొయ్యి మీంచి దించాకే కలపాలి. అరిసెలకు ఇవేవీ పనికిరావు. పాకం వచ్చేది చక్కెర, బెల్లాల వల్లే.

బెల్లం మంచిదేగా అంటారు చాలామంది. అందులో నూటికి 85 పాళ్ల వరకూ చక్కెరే. కాస్త ఇనుము ఉన్నంత మాత్రాన షుగర్ పెరగకుండా ఉండదు.

షాపులో ‘షుగర్ ఫ్రీ’ స్వీటు కొనేటప్పుడు పెట్టె వెనక ‘టోటల్ కార్బోహైడ్రేట్’ ఎంతో చూడండి. చక్కెరకు బదులు వేసే మాల్టిటాల్ వాడి ఉంటే అదీ కొంత షుగర్ పెంచుతుంది, ఎక్కువ తింటే కడుపు ఉబ్బి విరేచనాలవుతాయి. మీ ఒంటికి ఏది పడుతుందో గ్లూకోమీటరే చెబుతుంది: మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు చూసుకోండి. చాలామందికి 180 లోపు ఉండాలి, మీ లక్ష్యం డాక్టరునడిగి తెలుసుకోండి.

బరువు తగ్గడానికి సుక్రలోజ్, ఆస్పర్టేమ్ లాంటి తీపి పదార్థాలు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అప్పటికే షుగర్ ఉన్నవారికి ఆ సూచన వర్తించదని కూడా అందులోనే ఉంది. ఈ రెండో మాట పెద్దగా ప్రచారం కాలేదు.

చెమటలు, వణుకు వచ్చి షుగర్ 70 కన్నా తక్కువకు పడిపోతే మాత్రం షుగర్ ఫ్రీ బిళ్లలు, డైట్ కూల్‌డ్రింకులు ఎందుకూ పనికిరావు. 15 గ్రాముల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. ఇంకా తక్కువుంటే మళ్లీ తాగాలి. వోగ్లిబోస్, అకార్బోస్ అనే షుగర్ మాత్రలు వాడేవారికి పంచదార త్వరగా అరగదు, కాబట్టి గ్లూకోజే తాగాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.