లెక్కలు మొదలుకాక ముందటి వీరులు: నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్ వాదన వెనుక చరిత్ర

అమెరికాలో స్టాక్ కార్ (మామూలు కార్లను పోలిన పందెపు కార్ల) పందాలను నడిపే నాస్కార్ సంస్థ పేరిట నార్త్ కరొలైనాలోని షార్లట్ నగరంలో 2010 మే నెలలో హాల్ ఆఫ్ ఫేమ్ (ఈ క్రీడలో గొప్పవారిని సత్కరించే భవనం) తలుపులు తెరుచుకున్నాయి. అయితే అందులో ఎవరికి చోటు దక్కాలన్న తగవు అంతకు ఏడు నెలల ముందే, 2009 అక్టోబరులో తొలి అయిదుగురి పేర్లు ప్రకటించిన రోజునే మొదలైంది. డ్రైవర్లు రిచర్డ్ పెటీ, డేల్ ఎర్న్‌హార్ట్, జూనియర్ జాన్సన్ పేర్లకు పెద్దగా అభ్యంతరం రాలేదు. సంస్థను స్థాపించిన బిల్ ఫ్రాన్స్‌తో పాటు ఆయన కుమారుడు బిల్ ఫ్రాన్స్ జూనియర్‌కు కూడా తొలి విడతలోనే పీట వేసి, పెటీ 200 విజయాల తర్వాత 105 విజయాలతో రెండో స్థానంలో ఉన్న డేవిడ్ పియర్సన్‌ను బయట నిలబెట్టడం మాత్రం చాలామందికి మింగుడుపడలేదు. మరుసటి ఏడాదే పియర్సన్‌కు చోటు దక్కడంతో ఆ రగడ సద్దుమణిగింది. తీరని చిక్కు వేరే ఉంది: సంస్థ పుట్టి విజయాల పట్టిక రాయడం మొదలుపెట్టక ముందే ఈ క్రీడకు ప్రాణం పోసినవారిని ఏ కొలతతో కొలవాలి?

ఆ కాలపు మనుషుల్లో అందరికంటే ముందు చెప్పుకోవలసిన పేరు రేమండ్ పార్క్స్. జార్జియా కొండప్రాంతంలో పుట్టి, పద్నాలుగేళ్ల వయసులో ఇల్లు విడిచి, దొంగసారా వ్యాపారంతో అట్లాంటాలో సంపన్నుడైన ఈయన ఆ నేరానికి తొమ్మిది నెలలు ఫెడరల్ జైలులో గడిపాడు. పోలీసులకు చిక్కకుండా రాత్రివేళ మట్టిదారుల్లో సారా చేరవేసిన కుర్రాళ్లే ఆదివారాల్లో పందెపు డ్రైవర్లయ్యారు. వారికి మంచి కార్లు సమకూర్చినవాడు పార్క్స్. ఆయన బంధువైన లాయిడ్ సే 1941 సెప్టెంబరు 1న అట్లాంటాలోని లేక్‌వుడ్ ట్రాక్‌పై గెలిచి, మరునాడే సారా కాచడానికి కొన్న చక్కెర లెక్కల దగ్గర వచ్చిన గొడవలో మరో బంధువు తుపాకీకి బలయ్యాడు. ఇరవై ఒక్కేళ్లకే ముగిసిన ఆ జీవితానికి నాస్కార్ పట్టికలో ఒక్క గెలుపు కూడా ఉండదు, ఎందుకంటే డేటోనా బీచ్‌లోని స్ట్రీమ్‌లైన్ హోటల్‌లో సంస్థ ఏర్పాటు గురించి సమావేశం జరిగింది 1947 డిసెంబరులో.

ఆ సమావేశంలో పార్క్స్ కూడా కూర్చున్నాడు. యుద్ధంలో ఎడమ కాలు తీవ్రంగా గాయపడిన రెడ్ బైరన్ 1949లో తొలి స్ట్రిక్ట్‌లీ స్టాక్ (మార్పులు చేయని కార్ల పోటీ) టైటిల్ గెలిచింది పార్క్స్ కారులోనే. ఇద్దరి పేర్లూ 2009 నాటి తొలి 25 మంది అభ్యర్థుల జాబితాలోనే ఉన్నాయి. కానీ ఆ సమావేశంలో పాల్గొన్నవారిలో చివరివరకు మిగిలిన పార్క్స్, హాల్ తెరుచుకున్న మరుసటి నెలలోనే 96 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన వంతు 2017లో గానీ రాలేదు. సంస్థ మొదటి చాంపియన్ అయిన బైరన్ 2018 దాకా ఆగవలసి వచ్చింది. సారా సొమ్ముతో పెరిగిన క్రీడ అన్న మాట సంస్థకు ఇబ్బందిగా ఉండేదన్న వాదన ఒకటుంది. అది నిజమే అనుకున్నా, సారా కేసులో జైలుకు వెళ్లి వచ్చిన జూనియర్ జాన్సన్ తొలి విడతలోనే ఎలా ఎంపికయ్యాడన్నది దానికి గట్టి జవాబు. జాన్సన్‌కు డ్రైవర్‌గా 50 విజయాలున్నాయి. పార్క్స్‌కు డ్రైవర్‌గా ఒక్కటీ లేదు. నా ఉద్దేశంలో అడ్డుపడింది సారా వాసన కంటే అంకెల లేమి.

బిల్ ఫ్రాన్స్‌తో తగవు పడినవారి సంగతి ఇంకో తీరు. డ్రైవర్లను లారీ డ్రైవర్ల కార్మిక సంఘమైన టీమ్‌స్టర్స్ యూనియన్‌లో చేర్చబోయినందుకు కర్టిస్ టర్నర్, టిమ్ ఫ్లాక్‌లను 1961లో జీవితకాలం నిషేధించారు. టర్నర్ 1965లో తిరిగి వచ్చి అదే ఏడు రాకింగ్‌హామ్‌లో గెలిచి చూపించాడు. రెండు సార్లు చాంపియన్ అయిన ఫ్లాక్ (1953లో కొన్ని పందాల్లో ఒక కోతిని పక్కన కూర్చోబెట్టుకుని నడిపినవాడు) 2014లో, టర్నర్ 2016లో హాల్‌లోకి వచ్చారు. అలా చూస్తే పాత పగలు శాశ్వతమని అనలేం. కానీ నిబంధనల పుస్తకంలో రాయని ప్రతి సందునూ వాడుకుని, తనిఖీ అధికారులకు నిద్ర లేకుండా చేసిన డేటోనా మెకానిక్ స్మోకీ యూనిక్‌ విషయంలో ఆ పెద్దమనసు కనబడదు. హెర్బ్ థామస్‌ను హడ్సన్ హార్నెట్ కార్లతో చాంపియన్‌ను చేసినవాడాయన; థామస్ 2013లో చేరాడు, కార్లు తయారుచేసిన యూనిక్ మాత్రం చేరలేదు.

గెలుపుల లెక్క ఒక్కటే ప్రమాణమైతే వెండెల్ స్కాట్ కూడా నిలవడు. 495 పందాల్లో ఆయన గెలిచింది ఒక్కటే, 1963 డిసెంబరు 1న జాక్సన్‌విల్‌లో. ఆ రోజు గెలుపు జెండా మరో డ్రైవర్ బక్ బేకర్‌కు ఊపి, జనం వెళ్లిపోయాక లెక్కలో పొరపాటు జరిగిందని ఒప్పుకున్నారు. అగ్రశ్రేణి పోటీలో గెలిచిన తొలి నల్లజాతి డ్రైవర్ అయిన స్కాట్ 1990లో మరణించాడు. 2015లో హాల్‌లో చోటు, 2021లో కుటుంబానికి ఆ ట్రోఫీ దక్కాయి. హాల్ సభ్యులను ఎన్నుకునే ఓటర్లు అంకెలను దాటి చూడగలరనడానికి ఇది సాక్ష్యం.

2020లో నియమాలు మారాయి. ఏటా అయిదుగురికి బదులు ముగ్గురినే ఎంచుకోవాలని, అందులో ఒక్కరు అరవై ఏళ్ల క్రితానికి ముందే ఈ రంగంలో అడుగుపెట్టిన ‘పయనీర్’ కావాలని నిర్ణయించారు. పాతతరానికి ఇది వరమనే అనిపిస్తుంది. పాతతరం డ్రైవర్ రెడ్ ఫార్మర్, 1950లో మెక్సికోలో జరిగిన తొలి కరేరా పానామెరికానా రోడ్డు పందెం గెలిచిన హెర్షెల్ మెక్‌గ్రిఫ్ ఆ దారిలోనే వచ్చారు. అయితే అరవై ఏళ్ల గీత ఏటా ముందుకు జరుగుతూ ఉంటుంది. అందుకే 1960ల్లో వెలుగులోకి వచ్చిన డానీ ఆలిసన్ 2024లో పయనీర్‌గా చేరగలిగాడు. ఒకే ఒక్క కుర్చీ కోసం వరుస పెరుగుతుంటే, చూసిన సాక్షులెవరూ మిగలని 1930లు, 40ల మనుషులు వెనక్కి జరుగుతున్నారు. పార్క్స్ కార్లకు ఇంజిన్లు అమర్చినవాడు, నాస్కార్ అన్న పేరునే సూచించాడని చెప్పుకునేవాడు, అట్లాంటా మెకానిక్ రెడ్ వోట్ వారిలో ఒకడు. 2026 విడతలో పయనీర్ కుర్చీ డ్రైవర్ రే హెండ్రిక్‌కు దక్కింది. వోట్, యూనిక్ అప్పటికీ బయటే ఉన్నారు.