మట్టికి చెవుడు

ఒరే అబ్బయా, అమ్మాయ్, ఇద్దరూ చదవండి.

మొన్న వాట్సాప్‌లో మట్టిలో కట్టిన ఇంటి వీడియో పంపి అడిగారు కదా, తాతా నువ్వు ఉదయగిరి పక్కన నిమ్మతోటలో గట్టు తొలిచి కడతా ఉండే ఇల్లు కూడా ఇట్టాంటిదేనా, ఏసీ లేకుండా ఎట్టా చల్లగా ఉంటది, మట్టిలో ఐసు ఉంటదా అని. ఐసు లేదురా. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళో ఐసు యాడిది.

మీరు మా అవ్వని చూళ్ళేదు. ఆమెకి చెవుడు. పొద్దున చద్దన్నం తినేటప్పుడు ఏదన్నా చెప్తే తల ఊపేది, సాయంత్రం దీపం పెట్టేటప్పుడు "ఏందిరా ఇందాక అన్నావు" అని అడిగేది. మట్టి కూడా అచ్చం అట్టాంటి ముసల్ది. పైన నిలబడి ఎండ గొంతు చించుకుంటా ఉంటది, అడుగు లోతులో ఉండే మట్టికి ఆ మధ్యాహ్నం కేక వినపడేసరికి రాత్రి తొమ్మిదో పదో అవుతుంది, అదీ పదో వంతే వినపడద్ది. ఆ లోపల పైన చల్లగాలి తిరిగిపోయుంటది. ఇంక పది అడుగుల లోతుకి పోతే అక్కడుండే అవ్వకి రోజూ జరిగే సంగతులే తెలీవు, మే నెల ఎండల కబురు శ్రావణ మాసంలో అందుద్ది. ఇంకా కిందికి పోతే ఎండాకాలం చలికాలం కలగలిపి ఏడాదంతా ఒకటే సగటు మాట, మన వైపు 28, 29 డిగ్రీలు. అంటే ఊటీ అనుకోబాకండి, ఫ్యాను కావాల్సిందే. కాకపోతే బయట 44 ఉన్నప్పుడు 29 అంటే తక్కువా?

ఈ సంగతి నాకు పుస్తకంలో తెలిసింది కాదు, పాతరలో తెలిసింది. మా చిన్నప్పుడు ఇంటి ముందర నేలలో పాతర ఉండేది, మూతి చిన్నది లోపల కడుపు పెద్దది, చుట్టూ గడ్డి పరిచి జొన్నలు పోసి పైన బండ పెట్టి మట్టితో మెత్తేవాళ్ళు. తీసే రోజు ముందు బండ తీసి ఒక పూటంతా గాలికి వదిలేసేవాళ్ళు, తర్వాత తాడు కట్టి దీపం దించేవాళ్ళు. దీపం ఆరిందంటే ఎవురూ దిగేది లేదు. లోపల గింజలు కూడా ఊపిరి తీస్తాయి, ఆ చెడ్డగాలి బరువైంది అడుగునే పేరుకుంటది, దిగినోడు కూలబడి పోతాడు. దీపం ఆరకుండా ఉంటే నన్ను దించేవాళ్ళు, ఆ మూతిలో పట్టేది నేనే కాబట్టి. పైన కాళ్ళు కాలిపోతా ఉంటే లోపల వీపు మీద ఎవురో తడిగుడ్డ ఏసినట్టు ఉండేది. జొన్నలకి ఒకరకం ముక్క వాసన, అన్నం వండినా పోదు, అది వేరే కథ.

అందుకే నా ఇంటికి ముందరే రెండు వైపులా గాలి దారి పెట్టా. మూడు పక్కల గట్టు, తూర్పు పక్క తెరిచి తలుపు కిటికీలు, వెనక వైపు పైకి ఒక గాలి గొట్టం. వాస్తు చెప్పే ఆయన వచ్చి గోతిలో కాపరం ఏందని నవ్విపోయినాడు, నవ్వనీ.

ఇంక పైకప్పు. మన మెట్ట ఊళ్ళల్లో పాత మట్టి మిద్దెల మీద ఏటా వానలకి ముందు చౌడు పోసి తొక్కేవాళ్ళు. నేను అడుగు మట్టి వేసి గడ్డి పెంచుదామనుకున్నా. 10 అడుగులకి 10 అడుగుల గది మీద అడుగు మట్టి అంటే 100 ఘనపు అడుగులు, మేస్త్రీలు యూనిట్ అంటారు. తడిస్తే అది 5 టన్నులు. స్లాబు మీద పది గేదెల్ని ఎక్కించి పడుకోబెట్టినట్టు, అదీ లేవకుండా. మామూలు ఇంటి స్లాబు లెక్క దీనికి పనికిరాదు, ఇంజనీరు చేత రాడ్డు లెక్క వేయించుకున్నా, ఈ ఒక్క దాంట్లో నా తెలివి నేను నమ్ముకోలేదు.

నమ్ముకున్న చోట దెబ్బ తిన్నా. వెనక గోడ కట్టి, తవ్విన రేగడి మట్టినే మళ్ళీ గోడ పక్కన తోసేశా, డబ్బులు మిగిలినాయని సంతోషపడ్డా. కార్తీకంలో వాన మూడు రోజులు విడవకుండా కొట్టింది. రేగడి నీళ్ళు తాగి ఉబ్బింది, గోడని లోపలికి నెట్టింది, వేలు దూరేంత బీట. లోపల్నుంచి ఎన్ని పూతలు పూసినా కారేది కారతానే ఉండాది. చివరికి జేసీబీ తెచ్చి మట్టంతా తీయించి గోడకి బయట తారు పూసి షీటు వేసి, అడుగు వెడల్పున కంకర పోసి, అడుగున చిల్లుల పైపు వేసి నీళ్ళని గట్టు కిందికి పంపించా. మిగిలిన డబ్బులకి మూడింతలు పోయింది. పైగా మట్టి తడిసిందంటే వేడి గబగబా పాకుద్ది, మా చెవిటి అవ్వకి చెవులొచ్చేసినట్టే. కాబట్టి ఎవురన్నా ఇట్టాంటి ఇల్లు కడతామంటే నేను చెప్పేది ఒకటే, ముందు ఆ చోట ఒక వానాకాలం గొడుగేసుకుని నిలబడి నీళ్ళు ఎటు పోతాయో చూడమని. సముద్రం వైపు ఇసక నేలల్లో కొంచెం తవ్వితేనే నీళ్ళు పడే చోట అసలు పెట్టుకోబాకండి.

మట్టి చెవుడు గురించి నాకు తెలిసినంత వరకు చెప్పా, ఇంతకంటే చెప్తే మీకు నిద్రొస్తది.

ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. మీ నాన్నని అడిగి పెరట్లో నీళ్ళు పోయని చోట అడుగు లోతు గుంత తవ్వించండి, అంతకంటే వద్దు, లోపల తేలు ఉందేమో కర్రతో కదిపి చూసుకోండి. ఒంటి గంటకి పైన మట్టి మీద ఒక చెయ్యి, అడుగున ఒక చెయ్యి పెట్టండి. తర్వాత గుంతని మట్టితో పూడ్చేసి రాత్రి పదికి మళ్ళీ తీసి అట్టాగే పెట్టండి. అప్పుడు ఏ చెయ్యి వెచ్చగా ఉందో నాకు ఫోన్ చేసి చెప్పండి, నేను మేలుకునే ఉంటా.

మీ తాత