1999లో దిబ్బెక్కిన రెండు ఓడలు: ఒకదాన్ని లాగేశారు, ఇంకోదాని మీదే ఇప్పటి గొడవంతా

దక్షిణ చైనా సముద్రంలో తుప్పు పట్టి నిలబడి ఉన్న ఫిలిప్పీన్స్ పాత యుద్ధనౌక సియెర్రా మాడ్రే మళ్లీ వార్తల్లోకి వచ్చింది. ప్రతిసారీ ఒకటే వరస. ఫిలిప్పీన్స్ వాళ్లు ఆ ఓడ మీదున్న తమ మెరైన్ సైనికులకి తిండి, నీళ్లు, మందులు తీసుకెళ్తారు, చైనా కోస్ట్ గార్డ్ అడ్డం పడుతుంది, వీడియోలు బయటికొస్తాయి, బీజింగ్ "లాగేస్తామని మాటిచ్చారు కదా, ముందు ఓడ లాగేయండి" అంటుంది, మనీలా "ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు" అంటుంది. 2025 ఆగస్టులో అయితే చైనా చిన్న పడవలకి మెషిన్ గన్లు బిగించి ఓడ దగ్గరికి తెచ్చిందని ఫిలిప్పీన్స్ సైన్యం బయటపెట్టింది.

దాదాపు ఆ సముద్రమంతా తనదేనంటూ చైనా గీసుకున్న గీతల మ్యాపు, ఎవరి ప్రాచీన హక్కులు ఎంత దూరం, ఇవన్నీ చాలాసార్లు చదివే ఉంటారు, వాటి జోలికి పోను. ఈ తగాదా అర్థం కావాలంటే 1999 మే నుంచి నవంబరు దాకా ఏం జరిగిందో చూస్తే చాలనేది నా అభిప్రాయం.

ముందు ఓడ గురించి, గబగబా. 1944లో అమెరికాలో సముద్రానికి ఎంతో దూరంలో, ఇండియానా రాష్ట్రం ఎవాన్స్‌విల్‌లో ఒహాయో నది ఒడ్డున కట్టారు. సెప్టెంబరులో మొదలుపెట్టి నవంబరు 14కి నౌకాదళంలో చేర్చేశారు, రెండు నెలలు కూడా పట్టలేదు. పేరు కూడా పెట్టలేదు, ఎల్‌ఎస్‌టీ-821 అనే నంబరు ఒక్కటే. యుద్ధకాలంలో అమెరికా ఇలాంటివి వెయ్యికి పైగా కట్టింది మరి, అన్నిటికీ పేర్లెక్కడ పెడతారు. ఓకినావా యుద్ధానికి వెళ్లొచ్చింది, యుద్ధం అయ్యాక మూలన పడింది, 1955లో హార్నెట్ కౌంటీ అని పేరొచ్చింది, 1966లో దుమ్ము దులిపి వియత్నాం పంపితే మెకాంగ్ డెల్టాలో గస్తీ పడవలకీ హెలికాప్టర్లకీ తేలే స్థావరంగా పనిచేసింది. 1970లో దక్షిణ వియత్నాం చేతికి వెళ్లింది. 1975లో ఆ దేశ రాజధాని సైగాన్ పడిపోయినప్పుడు శరణార్థులతో పారిపోయి ఫిలిప్పీన్స్‌లోని సుబిక్ బే చేరిన ఓడల్లో ఇదీ ఒకటి, మరుసటి ఏడాది ఫిలిప్పీన్స్ నౌకాదళానికి దక్కింది. అప్పుడు అధ్యక్షుడు పెద్ద మార్కోస్. ఇప్పుడు దాని కోసం చైనాతో తలపడుతున్నది ఆయన కొడుకు.

ఎల్‌ఎస్‌టీ అనే ఈ రకం ఓడ ఎలా పనిచేస్తుందో తెలియకపోతే 1999 కథలో అసలు విషయం పట్టుబడదు. ట్యాంకుల్నీ లారీల్నీ రేవు లేనిచోట నేరుగా ఒడ్డున దించడానికి కట్టిన ఓడ ఇది. అడుగు దాదాపు బల్లపరుపుగా ఉంటుంది, ముందువైపు తలుపులు తెరుచుకుంటాయి. నడిసముద్రంలో పోయేటప్పుడు బ్యాలస్ట్ ట్యాంకుల్లో నీళ్లు నింపుకుని బరువుగా ఉంటుంది, ఒడ్డు దగ్గర పడగానే ఆ నీళ్లు తోడేసి తేలికై, ముక్కు నేలకి ఆనేదాకా వెళ్లిపోతుంది. ఎక్కేముందు వెనకవైపు ఒక లంగరు జారవిడుస్తారు, సరుకు దించాక ఆ లంగరు కేబుల్‌ని చుట్టుకుంటూ మళ్లీ నీళ్లలోకి లాక్కుంటారు. అంటే మామూలు ఓడ నేలకెక్కితే ప్రమాదం అంటాం, దీనికి మాత్రం పుట్టిన దగ్గర్నుంచీ అదే పని.

1995లో చైనా, ఫిలిప్పీన్స్ కూడా తనదేననే మిస్చీఫ్ అనే పగడపు దిబ్బ మీద గుంజలు పాతి కట్టడాలు లేపింది. జాలర్లు తలదాచుకోడానికి అంది. ఫిలిప్పీన్స్ గోల చేసింది కానీ చేయడానికి చేతిలో ఏముంది? అమెరికా స్థావరాలు 1992కల్లా ఖాళీ అయిపోయాయి, సొంత నౌకాదళమేమో ఇలాంటి రెండో ప్రపంచ యుద్ధం నాటి ఓడలతో నెట్టుకొస్తోంది. 1998 చివర్లో చైనా అక్కడ కట్టడాల్ని ఇంకా పెంచింది. (ఆ "జాలర్ల గుడిసెలు" ఉన్నచోట ఇప్పుడు యుద్ధ విమానాలు దిగేంత రన్‌వే ఉంది.)

1999 మేలో అప్పటి ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు ఎస్ట్రాడా ప్రభుత్వం సియెర్రా మాడ్రేని తీసుకెళ్లి, మిస్చీఫ్‌కి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న సెకండ్ థామస్ దిబ్బ మీద ఎక్కించింది. ఫిలిప్పీన్స్‌లో ఈ దిబ్బని అయుంగిన్ అంటారు, చైనాలో రెన్‌ఐ జియావో. పలావాన్ దీవి నుంచి చూస్తే 200 కిలోమీటర్ల లోపే. చైనా అడిగితే పొరపాటున ఎక్కింది, ఓడలో లోపం వచ్చింది, బాగుచేసుకుని వెళ్తాం అన్నారు. నేలకెక్కడానికే కట్టిన ఓడ పొరపాటున నేలకెక్కిందంటే నమ్మేవాళ్లెవరు, కానీ దౌత్యంలో అలా చెప్పుకోవడం మామూలే.

ఇంతవరకూ చాలామంది రాస్తారు. అదే ఏడాది నవంబరులో ఇంకో ఓడ ఎక్కిందని మాత్రం ఎక్కువమందికి గుర్తుండదు. దాని పేరు బెంగెట్, అదీ పాత అమెరికన్ ఎల్‌ఎస్‌టీయే, ఎక్కింది రెండు దేశాలూ తమదేననే స్కార్‌బరో దిబ్బ మీద. అదే మాట చెప్పారు, లోపం వచ్చిందని. చైనా ఈసారి గట్టిగా పట్టుకుంది. ఆ నెలాఖరున మనీలాలో ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) నేతల సమావేశాలున్నాయి, చైనా ప్రధాని ఝూ రోంగ్‌జీ కూడా వస్తున్నారు. నెల తిరక్కుండానే బెంగెట్‌ని దిబ్బ మీంచి లాగేశారు.

స్కార్‌బరో ఏమైందో అందరికీ తెలుసు. 2012లో రెండు దేశాల ఓడలూ అక్కడ నెలల తరబడి ఎదురెదురుగా నిలబడ్డాయి, ఇద్దరం వెనక్కి తగ్గుదామన్న ఒప్పందం అమెరికా మధ్యవర్తిత్వంతో కుదిరిందని నమ్మి ఫిలిప్పీన్స్ తగ్గింది, చైనా తగ్గలేదు. అలాంటి ఒప్పందమే లేదంటుంది చైనా. అప్పట్నుంచీ ఆ దిబ్బ దాని గుప్పిట్లోనే ఉంది, 2025 సెప్టెంబరులో అక్కడ ప్రకృతి సంరక్షణ కేంద్రం కూడా ప్రకటించేసింది. ఓడ లాగేసిన చోట అలా అయింది, లాగని చోట ఇప్పటికీ ఫిలిప్పీన్స్ జెండా ఎగురుతోంది. ఇక మనీలాలో ఏ అధ్యక్షుడైనా సియెర్రా మాడ్రేని ఎందుకు కదిలిస్తాడు?

మాట ఇచ్చారా లేదా అన్నదానికొస్తే, చైనా వాదన ఇది: లాగేస్తామని ఎన్నోసార్లు చెప్పారు, పైగా ఖాళీ దిబ్బల మీద కొత్తగా మనుషుల్ని పెట్టకూడదని 2002 ఆసియాన్ ప్రకటనలో రాసుకున్నాం. ఫిలిప్పీన్స్ జవాబు: ప్రకటన 2002ది, ఓడ 1999ది. లాగేస్తామన్న కాగితం ఏదైనా ఉంటే చూపించమంటోంది, ఇంతవరకూ అలాంటిది బయటికి రాలేదు. మాజీ అధ్యక్షురాలు అర్రోయో తాను ఏ మాటా ఇవ్వలేదన్నారు. 2023 ఆగస్టులో చైనా వాటర్ కెనాన్లు ప్రయోగించిన కొద్దిరోజులకే చిన్న మార్కోస్, అలాంటి ఒప్పందం ఉందని నాకు తెలీదు, ఒకవేళ ఉంటే ఇప్పుడే రద్దు చేస్తున్నా అనేశారు. అయితే మనీలా తప్పేమీ లేదనీ అనలేం. పొరపాటున ఎక్కిందన్న కథని ఏళ్లకేళ్లు నడిపించి, 2014 మార్చిలోగానీ, మిస్చీఫ్‌కి జవాబుగా మేమే శాశ్వత స్థావరంగా పెట్టాం అని అధికారికంగా ఒప్పుకోలేదు. మాజీ అధ్యక్షుడు డుటెర్టే హయాంలో తిండీ నీళ్లూ తప్ప మరమ్మతు సామాను తీసుకెళ్లకూడదని ఒక అవగాహన ఉండేదని ఆయన మాజీ ప్రతినిధే 2024లో చెప్పడం ఇంకో తలనొప్పి.

సామాను దగ్గరే అంతా ఉంది మరి. ఓడ ఒళ్లంతా చిల్లులు. అది దానంతటదే కూలిపోతే చైనా ఒక్క గుండు కూడా పేల్చక్కర్లేదు. అందుకే బియ్యం కన్నా సిమెంటు, ఇనుము మీదే చైనా కన్ను. 2015లోనే లోపల వెల్డింగ్, కాంక్రీటు పనులు నడుస్తున్నాయని బయటపడింది.

తుప్పు ఎంత పట్టినా ఫిలిప్పీన్స్ నౌకాదళం దాన్ని జాబితాలోంచి తీసెయ్యలేదు. కాగితాల మీద అది ఇప్పటికీ సర్వీసులో ఉన్న యుద్ధనౌక, దాని మీద దాడి అంటే 1951లో అమెరికాతో చేసుకున్న రక్షణ ఒప్పందం కిందికి వస్తుంది. ఇంజన్లు తిరగని ఓడకి ఇంత విలువ ఇందుకే. కోర్టు వల్లయితే పూర్తి పరిష్కారం దొరకలేదు: హేగ్‌లోని అంతర్జాతీయ మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2016 తీర్పులో, ఈ దిబ్బ ఫిలిప్పీన్స్ ప్రత్యేక ఆర్థిక మండలిలోదేనని (అంటే అక్కడి సముద్ర వనరుల మీద హక్కు ఆ దేశానిదేనని) తేల్చింది గానీ, ఓడ చుట్టూ జరిగే మోహరింపు సైనిక వ్యవహారం, అది మా పరిధిలో లేదు అంది. ఆ తీర్పునే చైనా ఒప్పుకోదు, అది వేరే సంగతి.

మనకి ఇందులో ఏంటంటే, 2025 ఆగస్టు మొదట్లో ఫిలిప్పీన్స్ నౌకాదళంతో కలిసి ఆ సముద్రంలో మొదటిసారి గస్తీ తిరిగిన భారత ఓడలు విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు నౌకాదళానివి. చైనా దానికీ గుర్రుమంది.

2024 జూన్ 17న గొడ్డళ్లు, కత్తులు పట్టుకున్న చైనా కోస్ట్ గార్డ్ సిబ్బంది సరఫరా పడవల మీదికి వచ్చినప్పుడు ఒక ఫిలిప్పీన్స్ నావికుడి బొటనవేలు తెగిపోయింది. అక్కడితో ఇద్దరికీ భయం పట్టుకుని, జులైలో సరఫరాల మీద ఒక తాత్కాలిక అవగాహనకి వచ్చారు, ఆ నెలాఖరు నుంచీ పడవలు వెళ్లొస్తున్నాయి. ముందుగా మాకు చెప్పాలి, సామాను మేం తనిఖీ చేయాలి అనేది షరతని చైనా అంటుంది. అలాంటిదేం లేదని ఫిలిప్పీన్స్ అంటుంది. ఒప్పందం పూర్తి పాఠాన్ని ఇద్దరూ బయటపెట్టలేదు.