వణుకు పట్టీలో లేదు

మొదటిసారి ఆ పట్టీ మీద కాలు పెట్టినప్పుడు, అవతలి చివర ఎవరో పట్టుకుని ఊపుతున్నారనుకున్నాను. తిరిగి చూస్తే ఎవరూ లేరు. గజపతినగరం వైపు మా బంధువుల మామిడితోటలో, రెండు చెట్ల మధ్య మోకాలెత్తున కట్టిన రెండంగుళాల పాలిస్టర్ పట్టీ అది. కాలు తీస్తే నిమ్మళంగా ఉంటుంది, పెడితే జల్లెడ పట్టినట్టు అటూ ఇటూ కొట్టుకుంటుంది. "మావయ్యా, అది ఊగట్లేదు, నువ్వే ఊపుతున్నావ్" అన్నాడు మా మేనల్లుడు. వాడు వేళాకోళానికే అన్నా, అది నిజమేనని తర్వాత తెలిసింది.

దీన్ని స్లాక్‌లైన్ అంటారు. 1980 ప్రాంతంలో అమెరికాలో కొండలెక్కే కుర్రాళ్లు మొదలుపెట్టిన ఆట. ఆడం గ్రోసోవ్స్కీ, జెఫ్ ఎలింగ్టన్ అనే ఇద్దరి పేర్లు ముందుగా చెబుతారు. కొండలెక్కడానికి వాడే నైలాన్ పట్టీలనే కట్టుకుని నడిచేవారు. 1985లో స్కాట్ బాల్కమ్ కాలిఫోర్నియాలోని యోసెమిటీలో, కొండ అంచు నుంచి లాస్ట్ యారో అనే రాతిస్తంభం దాకా కట్టిన పట్టీ మీద నడిచాడు. మనకు అంత సాహసం అక్కర్లేదు, మోకాలి ఎత్తు చాలు.

మన సంతల్లో తాడు మీద నడిచే ఆట పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఆ తాడు బిర్రుగా ఉంటుంది, చేతిలో పొడుగాటి గడ ఉంటుంది. గడ ఎంత పొడుగైతే మనిషి అంత నెమ్మదిగా ఒరుగుతాడు కాబట్టి సర్దుకోడానికి వ్యవధి దొరుకుతుంది. స్లాక్‌లైన్‌లో గడ ఉండదు, పట్టీ సాగుతుంది, పక్కకు జరుగుతుంది.

నేల మీద నిలబడ్డప్పుడు కూడా మనం కదలకుండా ఉండం. శరీరం కొద్దికొద్దిగా ఒరుగుతూనే ఉంటుంది, చీలమండ నేలను అటో ఇటో నొక్కి బరువును మళ్లీ పాదాల మీదికి తెస్తుంది. పట్టీ మీద ఆ సౌకర్యం లేదు. పక్కకు నొక్కితే ఆనుకోడానికి నేల లేదు, పట్టీయే జరిగిపోతుంది. అందుకే తుంటి, నడుము, భుజాలు, గాల్లో ఉన్న రెండో కాలు అన్నీ పనిలోకి దిగుతాయి. చేతులైతే మరీనూ. పడుతున్న వైపుకే చేతులను గిర్రున తిప్పితే మొండెం దానికి ఎదురు దిక్కుకు తిరుగుతుంది. చెరువుగట్టు మీద కాలు జారినవాడు గాల్లో చేతులు తిప్పేది ఇందుకే, ఎవరూ నేర్పకుండానే. పావుగంట పట్టీ ఎక్కి దిగిన మర్నాడు నాకు పొట్ట పక్కల, పిరుదుల్లో నొప్పులు. పిక్కలు సరే, ఇవెందుకో మొదట అర్థం కాలేదు.

ఇక ఆ వణుకు సంగతి. కండరం లోపల అది ఎంత సాగిందో కనిపెట్టే సన్నని తంతువులున్నాయి. పిక్క కండరం చటుక్కున సాగితే ఆ వార్త వెన్నుపాముకు చేరి, మెదడు దాకా వెళ్లకుండానే 'బిగుసుకో' అన్న ఆజ్ఞ వెనక్కి వస్తుంది. అంతా సెకనులో వందో వంతులు నాలుగింట్లో అయిపోతుంది. గట్టి నేల మీద ఇది దైవసహాయం. పట్టీ మీద మాత్రం ఆ బిగింపే పట్టీని అవతలికి నెడుతుంది, వెంటనే రెండోవైపు కండరం సాగుతుంది, మళ్లీ ఆజ్ఞ, మళ్లీ నెట్టుడు. కొత్తగా సైకిలు నేర్చుకునేవాడు హ్యాండిల్‌ను అటు ఒకసారి, ఇటు ఒకసారి ఎక్కువగా తిప్పేసి పడిపోతాడే, అలాగే. దిద్దుబాటు కాస్త ఆలస్యంగా, అవసరానికి మించి జరగడం వల్ల పుట్టిన ఊపు అది. సాధన చేసినవాళ్ల పిక్కల్లో ఈ అసంకల్పిత ప్రతిస్పందన తగ్గుతుందని కొలిచి చూశారు. అంటే మనం నేర్చుకునేది ఒక కొత్త పని అని కాదు, వెన్నుపాము తొందరను తగ్గించడం. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

మా జిల్లాల వాళ్లకు బలం మీద మోజు ఎక్కువ. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడి కథలు వింటూ పెరిగాం. కానీ శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో 110, 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు, ఆ బరువులు తలపైన నిలిచింది ఒక్క బలంతోనేనా?

మూడోరోజు గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని అటు వెళ్తున్న ఒక ముసలమ్మ ఆగి చూసింది. "కాలికేసి సూడకు బాబూ. ఎదర ఆ చెట్టుకేసి సూసి నడు." స్లాక్‌లైన్ నేర్పేవాళ్లు మొదట చెప్పే మాటా ఇదే. లోచెవిలో మూడేసి అర్ధవృత్తాకార నాళాలు తల తిరుగుడును, వాటి పక్కనున్న తిత్తుల్లోని సున్నపు రేణువులు తల ఒరుగుడును చెబుతాయి. చూపు కదలని వస్తువు మీదుంటే ఆ కబురుకు సాక్ష్యం దొరుకుతుంది. ఊగే పట్టీని చూస్తే కళ్లు ఒకటి, చెవి ఒకటి చెబుతాయి.

కట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. చెట్ల మధ్య 15 మీటర్లు ఉండి, 70 కిలోల మనిషి మధ్యలో నిలబడితే పట్టీ అరమీటరు దిగిందనుకోండి. ఒక్కో చెట్టు మీద లాగుడు దాదాపు 525 కిలోలు, అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు ఏడు. బిర్రుగా బిగించి ఆ దిగుడును సగం చేస్తే లాగుడు రెట్టింపవుతుంది. మొదలు లావుగా ఉన్న చెట్టు చూసి, బెరడు చుట్టూ గోనెసంచి చుట్టి కట్టాలి. సముద్రపొడ్డున సరుగుడు తోటల్లో ఇసుక మెత్తన కానీ చెట్లు సన్నం. బిగించే రాచెట్, లారీ మీద సరుకు కట్టేదానిలాంటిదే. దాని ఎదురుగా మొహం పెట్టి నిలబడొద్దు. కొత్తవాళ్లకు అయిదారు మీటర్ల పట్టీ చాలు. చెప్పులు విడిచి, మోకాళ్లు కాస్త వంచి, ఒంటికాలి మీద నిలబడటంతో మొదలుపెడితే నడక తర్వాత వస్తుంది.

ఇది నేర్చుకుంటే ఎక్కడైనా తూలరని కొందరు ప్రచారం చేస్తారు. నేను నమ్మను. పరిశోధనలను కలిపి చూసిన సమీక్షలోనూ, పట్టీ మీద నైపుణ్యం బాగా పెరుగుతుంది కానీ వేరే రకం బ్యాలెన్సు పరీక్షల్లో లాభం స్వల్పమనే తేలింది. శరీరం ఏ పని చేస్తే ఆ పనే నేర్చుకుంటుంది.

వారం తిరిగేసరికి ఆరడుగులు వేయగలిగాను. మావాడు ముసలమ్మను కూడా ఎక్కమన్నాడు. "నాకేటి పనిపాటా లేదేటి బాబూ" అని నవ్వి, మోపు కదలకుండా వానకు తడిసిన పొలంగట్టు మీద నడిచి వెళ్లిపోయింది. ఆమె వెనకే నేనూ బయల్దేరాను. నాలుగో అడుగులో ఆకుమడిలో పడ్డాను.