మాలి జన్యువు, డబ్బు పడని నిధి

కంప్యూటర్‌లో ఉన్న జన్యుక్రమాన్ని వాడుకున్నా ఆ మొక్క పుట్టిన దేశానికి డబ్బు కట్టాలా? అలాంటి క్రమాల వల్ల లాభపడే కంపెనీలు డబ్బు వేయాల్సిన అంతర్జాతీయ ‘కాలీ నిధి’ 2025 ఫిబ్రవరిలో మొదలయ్యాక ఈ పేచీ మళ్లీ రాజుకుంది. జాతీయ జీవవైవిధ్య సంస్థ ఆఫీసు చెన్నై తరమణిలోనే ఉంది కాబట్టి, ఇక్కడ విత్తనాల రంగంలో ఉన్న తెలుగువాళ్లకు ఇది దూరపు గొడవేమీ కాదు. వాదనలో అటూ ఇటూ పనికొచ్చే ఉదాహరణ ఒకటుంది: వరికి ఎండాకు తెగులును తట్టుకునే శక్తినిచ్చే ఎక్స్‌ఏ21 జన్యువు.

ముందు ఆ తెగులు సంగతి చూద్దాం. ఆకు కొస నుంచి అంచుల వెంట అలలు అలలుగా పసుపు దిగుతుంది. పొద్దున్నే ఆకు మీద జిగురు బొట్లు కనిపిస్తాయి, ఎండకు పూసల్లా గట్టిపడతాయి. అదంతా బ్యాక్టీరియాయే. ఒకసారి పట్టిందంటే గట్టిగా పనిచేసే మందు లేదు, యూరియా ఆపి చూడాల్సిందే. తట్టుకునే గుణం మొక్కలోనే ఉండాలి.

ఆ గుణం మాలి దేశపు అడవి వరిలో ఉందని 1977లో కటక్ వరి పరిశోధన కేంద్రంలో బయటపడింది. మరుసటి ఏడాది అది ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇర్రీకి చేరింది. అక్కడ వరి శాస్త్రవేత్త గురుదేవ్ ఖుష్ బృందం పన్నెండేళ్లు సంకరాలు చేసి సాగు వరిలోకి తెచ్చింది. 1995లో డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో పమేలా రోనాల్డ్ బృందం జన్యువును వేరుచేసింది, పేటెంటూ వచ్చింది.

నన్నడిగితే అసలు మలుపు 1996. మాలికి వాటా ఇవ్వాలని ఆ యూనివర్సిటీ ఒక నిధి పెట్టింది. ఉద్దేశం మంచిదే, షరతే కొంప ముంచింది. లైసెన్సు తీసుకున్న కంపెనీ సరుకు అమ్మితేనే అందులో డబ్బు పడుతుంది. రెండు కంపెనీలు ముందుకొచ్చి, తర్వాత తప్పుకున్నాయి. నిధిలో ఒక్క డాలరూ పడలేదు.

జన్యువు మాత్రం ఆగలేదు. హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలకాలయం కలిసి డీఎన్‌ఏ గుర్తుల సాయంతో, మామూలు సంకరం ద్వారానే, బాపట్ల సాంబ మసూరిలోకి ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు తెగులు నిరోధక జన్యువులనూ దించాయి. 2008లో ఆ వంగడం విడుదలైంది. (ఇక్కడి కొట్లలో ఆంధ్రా పొన్ని అంటే ఆ బాపట్ల రకమే.) ఎక్స్‌ఏ21 బ్యాక్టీరియా వదిలే పెప్టైడ్‌ను, అంటే చిన్న ప్రొటీన్ ముక్కను, పసిగట్టి మొక్కను అప్రమత్తం చేస్తుంది. ఎక్స్‌ఏ13 ఉంటే మొక్క చేత చక్కెర బయటికి పంపించుకునే ఎత్తు బ్యాక్టీరియాకు పారదు. ఎక్స్‌ఏ5 బంగ్లాదేశ్‌లోని ‘ఆస్’ అనే వరి రకాల సొత్తు. దాని వాటా ఊసు మాత్రం పెద్దగా వినపడదు!

క్రమాలు ఉచితంగా దొరక్కపోతే పరిశోధన కుంటుపడుతుందని కంపెనీలంటున్నాయి. కానీ మాలి మొక్క చేతులు మారేనాటికి, మొక్కల మీద అవి పుట్టిన దేశాలకు హక్కుందని చెప్పే అంతర్జాతీయ జీవవైవిధ్య ఒప్పందమే లేదు, అది అమల్లోకి వచ్చింది 1993 చివర్లో. ఇప్పుడైతే గింజ కదలాల్సిన పని కూడా లేదు, ఫైలు చాలు. అందుకే కొలంబియాలోని కాలీ నగరంలో జరిగిన ఆ ఒప్పంద దేశాల సమావేశంలో లెక్క మార్చారు. ఫలానా విత్తనం అమ్ముడైందా అని చూడరు. క్రమాల వల్ల లాభపడే రంగాల్లోని పెద్ద కంపెనీలు తమ లాభంలో 1 శాతమో, రాబడిలో 0.1 శాతమో ఇవ్వాలన్నారు. అందులో కనీసం సగం మూలవాసులకు, స్థానిక సమాజాలకు చేరాలట. ఇవ్వకపోతే జరిమానా మాత్రం ఏమీ పెట్టలేదు.